మామిడి కొత్త దాకా ఆగిన స్ట్రాబెర్రీ

రెండు వేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో నాకు అరకులోయలో ఉద్యోగం. పండ్ల తోటల ఆఫీసులో ఫీల్డ్ అసిస్టెంటుని. పేరు ఘనంగానే ఉంటుంది. చేసేదల్లా పైనుంచి వచ్చిన మొక్కల్ని కొండల మీది ఊళ్ళకు చేర్చడం, అవి బతికాయో చచ్చాయో చూసి రాసి పంపడం. బతికితే ఆఫీసు గొప్ప, చస్తే నా చేతకానితనం. ఆ ఏడాది వానలు వెనకబట్టాక తడి గోనెపట్టాల్లో చుట్టిన స్ట్రాబెర్రీ మొక్కలు వచ్చాయి. వాటినీ నా నెత్తినే పెట్టారు.

ఆ మొక్కల్ని ఎవరూ తీసుకోలేదు. చూడ్డానికి గడ్డిపోచల్లా ఉన్నాయి, నేలని అంటుకుని పెరుగుతాయి, కాయ పేరు నోరు తిరగదు. చివరికి సంతకి నాలుగు మైళ్ళ పైన ఉన్న ఒక కొండ ఊళ్ళో ఒకావిడ ముందుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. భర్త కాఫీ తోటల్లో పనికి పోతాడు, ఇంటి భూమి పనంతా ఆమెదే. ఆమె మామగారు ఆ ఊరి పూజారి. నేను ఆవిడని అప్పా అని పిలిచేవాణ్ణి. మా విజయనగరం వైపు అక్కని అలాగే అంటాం. ఆవిడ మాత్రం నేనెంత చెప్పినా సార్ అనడం మానలేదు.

నాకు అప్పట్లో కోపం ముక్కు మీదే ఉండేది. మొక్కలతో పాటు మళ్ళ మీద పరచమని నల్ల ప్లాస్టిక్ షీటు ఇచ్చాను. పది రోజుల తర్వాత వెళ్ళి చూస్తే ఆ షీటు మేకల పాక కప్పు మీద ఉంది. మళ్ళ మీద చోడి గడ్డి, అంటే రాగి గడ్డి, పరిచి ఉంది. గట్టిగా కేకలేశాను. ఆవిడ గడ్డి కొంచెం పక్కకి తీసి, నా చెయ్యి పట్టుకుని మట్టి మీద పెట్టించింది.

"సల్లగుందా? ఇదే మీ పట్టా కిందైతే మద్దేన్నానికి ఉడికిపోతాది. మేకలకైతే పనికొత్తాది గానీ."

నిజమే. మట్టి చల్లగా, తేమగా ఉంది. ఒప్పుకోవడం ఇష్టంలేక ఆఫీసు వాళ్ళు ఏమంటారో అని గొణుక్కుంటూ వచ్చేశాను.

పూలు రాగానే చలి ముదిరింది. ఒకరోజు పొద్దున్నే వెళితే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. పూలు పైకి బాగానే ఉన్నాయి, మధ్యలో పసుపుగా ఉండాల్సిన బొడ్డు నల్లబడింది. అలాంటి పువ్వు కాయ అవదు. నేను చెప్పేలోగానే ఆవిడ నల్లబొడ్డు పూలన్నీ గిల్లి పారేసింది. ఆ సాయంత్రం నుంచి పొద్దు వాలేముందు వెదురు బద్దలు వంచి పాతడం, వాటి మీద పాత చీరలు, దుప్పట్లు కప్పడం, మర్నాడు ఎండ కొండ దిగి మడిని తాకాక విప్పడం. ఒక్కరోజు మానలేదు. ముందుగా విప్పితే చలి తగులుతుంది, ఆలస్యమైతే లోపల చెమ్మ పట్టి కాయ బూజెక్కుతుంది. అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. రెండు కాయలు బూజు పట్టగానే కనిపెట్టేసింది.

డిసెంబరు చివర్లో కాయలు ఎర్రబడ్డాయి. పుష్యమాసం వచ్చేసరికి బుట్టలు నిండాయి. అడ్డాకుల దొన్నెల్లో పోసి సంతకి, రైలు దిగే టూరిస్టుల కోసం స్టేషనుకి తీసుకుపోయేది. నేను వెళ్ళినప్పుడల్లా చేతిలో నాలుగు కాయలు పెట్టేది, నేను అక్కడే నిలబడి తినేసేవాణ్ణి. ఏ మడిలో కాయ తియ్యగా ఉందప్పా అని అడిగితే, రెండు మళ్ళలో కాయలు తీసి వాసన చూసి, ఇది అనేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతుందా అని ఆశ్చర్యపోయానే తప్ప నోట్లో వేసుకోకుండా ఎందుకు చెబుతోందని నాకు తట్టలేదు. అంత తెలివి నాది.

జనవరి చివర మా పెద్దాఫీసరు వచ్చారు. ఫొటో తీయించాలని మోజు. రైతు కాయ తింటూ నవ్వుతుండాలన్నారు. ఆవిడ కాయ పట్టుకుంది, నవ్వింది, నోటి దగ్గరికి తేలేదు. తినమ్మా, తినమ్మా అని ఆయన అంటూనే ఉన్నారు. చివరికి నవ్వు ఒక్కటీ ఫొటోలో పడింది. ఆయన వెళ్ళాక నేను విసుక్కున్నాను. ఒక్క కాయ తింటే ఏం పోయింది, పెద్దాయన ముందు నా పరువు తీశావు అన్నాను.

"మేం తినకూడదు సార్. దీనికింకా కొత్త అవ్వనేదు."

కొత్త అంటే ఆ కొండల మీద పండగ. చిక్కుడైనా, సామలైనా, మామిడైనా, ఆ ఏడాది కాసినదాన్ని పూజారి ముందు దేవతకి పెట్టి కొత్త చెయ్యాలి. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ నోట పెట్టరు. ఆ సంగతి నాకు తెలుసు. రైల్లో వచ్చే వాళ్ళకి అమ్మే ఈ సీమ పండుకి కూడా ఆ లెక్కే ఉంటుందని మాత్రం తోచలేదు. నెలరోజులుగా ఆవిడ ఎదుట నిలబడి, రసం చేతికి కారేలా నేను తిన్నవన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నేను ఇంకొకరి మీద పోట్లాటకి వెళతాను. అది నా గుణం. తిన్నగా ఆవిడ మామగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద బుట్ట అల్లుకుంటున్నాడు. ఈ పండుకి ఇప్పుడే కొత్త చేసేస్తే ఏమవుతుంది తాతా అని అడిగాను.

"సిక్కుడికో నెలుంది, సామకో నెలుంది," అన్నాడు తల ఎత్తకుండా. "దీని నెలేటో మనకి తెల్దు బాబూ. తెల్దు గాబట్టి ఇటుకల పండక్కి మామిడికాయతో పాటే దీన్నీ పెడతాం. ఆ దినానికి మొక్క మీదుంటే మన పండే. నేదనుకో, అమ్మకానికొచ్చింది, ఎల్లిపోయింది. వచ్చే ఏడు ఆ సెక్కలో సోళ్ళేసుకుంటాం."

"ఇటుకల పండగంటే మామిడి కొత్త, అది చైత్రంలో కదా. ఎండ ముదిరితే ఇది మార్చి సగానికే అయిపోతుంది."

"అయిపోతే అయిపోనీ. ఎవులాపుతారు?"

ఆయన మాటలో కోపం లేదు, మొండితనం కూడా లేదు. ఊరికి తెలియని పండు విషయంలో ఆయనకి తోచిన న్యాయం అది. నేను తిరిగొచ్చి ఆవిడతో చెప్పాను. ఆవిడ ముందే విని ఉంది.

"సలిలో దీనికి నా కోకలు కప్పాను సార్. దీని వాసన నా సేతిని ఒదల్దు. నాను పెంచిందాన్ని నాది కాదని ఎలాగంటాను? పండక్కి మొక్క మీద పండుండాల. ఎలాగో మీరు సెప్పండి."

నాకు తెలిసింది చెప్పాను. నీడ వెయ్యి, నీళ్ళు పెట్టు, పాత ఆకు తీసెయ్యి. ఇవన్నీ చేస్తే ఇంకో రెండు వారాలు వస్తుందేమో, చైత్రం దాకా మాత్రం కష్టం అన్నాను. పైగా మార్చి ఆఖరుకి మొక్కలు పీకించి రిపోర్టు పంపాలని మా ఆఫీసు ఉత్తరం. అది కూడా చెప్పాను. ఆవిడ విని తలూపింది.

వారం తర్వాత వెళ్ళేసరికి ఒక మడి ఖాళీగా ఉంది. మొక్కలేవప్పా అంటే నన్ను పైకి తీసుకెళ్ళి చూపించింది. పూలతో ఉన్న మొక్కల్ని మట్టి గడ్డతో సహా లేపి, అడ్డాకుల్లో చుట్టి, తట్టలో పెట్టుకుని కొండ పైకి మోసుకుపోయింది. పైన కాఫీ మొక్కల పక్కన, పెద్ద చెట్ల నీడలో ఒక ఊట ఉంది. వేసవిలో కూడా ఆ నీళ్ళలో కాలు పెడితే జిల్లుమంటుంది. ఆ నీరు రాసుకుపోయే చోట గట్లు వేసి నాటింది. అంతటితో ఆగకుండా వాటి పూలన్నీ తుంచేసింది. పూత మీదున్న మొక్కని కదపకూడదని మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ మాటే అన్నాను.

"ఇప్పుడు పూసింది పండక్కి ముందే పండిపోతాది గదా సార్. అందుకే తుంపేసినాను. అలుపు తీర్సుకుని మల్లీ పూస్తాది. ఇక్కడింకా శీతాకాలమే అనుకుంటాది."

సీజన్ని పొడిగించడమంటే మా వాళ్ళకి షీట్లు, పైపులు, గ్రాంట్లు. ఆవిడ మొక్కనే తీసుకుపోయి చలి ఇంకా మిగిలి ఉన్న చోట పెట్టింది. వ్యవసాయం నాలుగేళ్ళు చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ రోజు కొండ దిగుతూ నా చదువు మీద నాకే నవ్వొచ్చింది. ఆవిడ మీద గౌరవం అప్పటి నుంచి పెరుగుతూనే పోయింది.

మార్చిలో కింది మళ్ళు నేను చెప్పినట్టే అయిపోయాయి. ఆకు అంచులు మాడాయి, కాయ గోళీకాయంత అయి ఆగిపోయింది. మొక్కలు పీకించానని ఆఫీసుకి రిపోర్టు రాశాను. కింది మళ్ళ వరకు అది నిజమే. పైన ఊట దగ్గర ఉన్న మడి సంగతి నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పై మడి మళ్ళీ పూసింది. కాయలు దిగాయి. అక్కడే చిక్కొచ్చి పడింది. పండగ ఇంకో తొమ్మిది రోజులుందనగా చూస్తే కాయలన్నీ తెల్లగా ఉన్నాయి. చల్లదనం, నీడ మొక్కని కాపాడాయి గానీ పండు ఎర్రబడ్డానికి చాల్లేదు. స్ట్రాబెర్రీని కోసి మాగబెట్టడం కుదరదు, మొక్క మీదే ఎర్రబడాలి. ఆవిడ మొహం అంత చిన్నబోవడం అంతకు ముందు చూడలేదు. చలి కోసం ఇంత పైకి మోసుకొస్తే ఆ చలే ఇప్పుడు అడ్డం తిరిగింది.

ఆవిడ మడి పక్కన కూర్చుని చెట్ల కొమ్మల్లోంచి ఎండ ఎటునుంచి పడుతోందో చాలాసేపు చూసింది. లేచి కత్తి తీసుకుని తూర్పు వైపు కొమ్మలు నాలుగు నరికింది. మర్నాటి నుంచి పొద్దుటెండ మడి మీద పడేది. ఎండ చురుక్కుమనే వేళకి ఆ కొమ్మల్నే మడి మీద కప్పేది. మట్టి కాస్త వేడెక్కాలని ఊట నీటిని పగలు పక్కకి మళ్ళించి సాయంత్రం వదిలేది. పిట్టలు పొడవకుండా అక్కడే కూర్చునేది. అన్నం కూడా అక్కడికే తెచ్చుకునేది. నేను రోజు విడిచి రోజు వెళ్ళేవాణ్ణి. ఆ తొమ్మిది రోజులూ నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. ఆరో రోజున కాయల కొనలు గులాబీ రంగుకి తిరిగాయి.

పండగనాటికి పదకొండు పండాయి. పూజారి తాత స్వయంగా కొండెక్కి వచ్చి మొక్క మీద ఉండగా చూశాడు. వంగి, తన చేత్తోనే కోసుకున్నాడు. దేవత రాయి ముందు మామిడికాయ ముక్కల పక్కన ఆ పదకొండు పళ్ళూ పెట్టాడు. పూజయ్యాక ముక్కలు కోసి ఇంటికొక ముక్క పంచారు. నాకూ ఒకటి ఇవ్వబోతే ఈసారి వద్దన్నాను.

ఆవిడ తన ముక్క నోట్లో పెట్టుకుంది. అందరం ఆవిడనే చూస్తున్నాం. నెమ్మదిగా నమిలి మింగింది. వేసవి కాయ, నీడలో పెరిగిన కాయ. అది ఎంత పులుపో తినకుండానే నాకు తెలుసు.

"పుల్లగుంది," అంది. నా వైపు తిరిగి, "నిజం సెప్పండి సార్. మీరు పుష్యంలో తిన్నదీ ఇలాగే ఉందా?"

అబద్ధం చెప్పి ఆవిడ మనసు కాపాడదామని ఒక్క క్షణం అనిపించింది. అంత కష్టపడిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదప్పా. చాలా తీపి," అన్నాను.

ఆవిడ మామగారి వైపు చూసింది. ఆయన తన ముక్క చప్పరించి మొహం ముడుచుకున్నాడు.

"మన పండే," అన్నాడు. "నెలే తప్పు. దీనికి పుష్యంలో కొత్త పెడదాం. అప్పటికి మొక్కలుంటే."

"ఉంటాయి," అంది ఆవిడ.

ఆఫీసు నుంచి మళ్ళీ మొక్కలు రాలేదు. ఆ కొండల్లో వానాకాలం గడిచేసరికి స్ట్రాబెర్రీ వేరు కుళ్ళిపోతుంది. ఆవిడ పై మడి మొక్కలు పాకించిన తీగెలకి పుట్టిన పిలకల్ని తుంచి, మట్టి నింపిన దొన్నెల్లో పెట్టి, మేకల పాకలో అటక మీద నాలుగు నెలలు దాచింది. పైన నేనిచ్చిన పట్టా వానకి అడ్డం. కొన్ని పోయాయి, చాలావరకు బతికాయి. అక్టోబరులో వాటిని మళ్ళీ కింది మళ్ళలో నాటింది. చలి మొదలవగానే మళ్ళీ చీరలు కప్పింది.

పుష్యమాసంలో మొదటి కోత కోసిన రోజు నన్ను రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి పూజ అయిపోయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో దొన్నె ఉంది. ఒకటి తింది. రెండోది తింది. కళ్ళు నేల మీదే ఉన్నాయి. మూడోది తిన్నాక కళ్ళు తుడుచుకుంది.

"ఇంత తీపని నాకు తెల్దు సార్," అంది. "వాసన్లో ఇంత తెలీనేదు."

ఊళ్ళో పిల్లా పెద్దా మడి చుట్టూ చేరి తింటున్నారు. నేను గడియారం చూసి, సంతకి వేళ మించిపోతోందప్పా, బుట్ట ఎప్పుడు సర్దుతావు అని అడిగాను. ఆవిడ ఇంకో పండు తీసుకుంటూ, ఇయ్యాల సంతకి ఎల్లను సార్ అంది.