వెయ్యి రేంజిలో సున్నా

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. వయసు మీదపడ్డాక తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటారు గాని, అది ఎక్కడికీ పోలేదని నాకు తెలుసు. ఆ కోపంతోనే ఒకసారి ఒక ఇల్లాలి ప్రాణం తీయబోయాను. పందొమ్మిది వందల అరవైల మొదట్లో మాట.

అప్పుడు నాయుడుపేటలో ఉండి వైరింగు పనులు చేసేవాణ్ణి. పల్లెలకు కరెంటు కొత్తగా వస్తోంది. మద్రాసు వెళ్లి, పాత సామాను అమ్మే అంగట్లో వోల్టులు కొలిచే మీటరు ఒకటి కొనుక్కొచ్చాను. ఇప్పటివాటిలా అంకెలు చూపించేది కాదు. నల్లటి పెట్టె, గాజు కింద గీతల పలక, వెంట్రుకంత సన్నటి ముల్లు. కింద రేంజి మార్చే నాబు, వెయ్యి మీద పెడితే వెయ్యి వోల్టులదాకా, యాభై మీద పెడితే యాభైదాకా కొలిచేది. గీతల పక్కనే అద్దం పట్టీ ఉండేది. అద్దంలో ముల్లు నీడ ముల్లు చాటుకు పోయేదాకా తల సర్దుకుని, సరిగ్గా ఎదురుగా చూడాలి. ఆ విద్య నాకు బాగా పట్టుబడింది. రెండు గీతల మధ్య నిలిచిన ముల్లును కూడా చదివి "రెండు వందల పదమూడు" అనేవాణ్ణి. రైతులు నోరు తెరిచేవాళ్లు. నేను పొంగిపోయేవాణ్ణి.

పని నేర్పిన మేస్త్రి మాత్రం నవ్వేవాడు. "పదమూడా పద్నాలుగా అనేది నీ కంటి గొప్పరా. ఈ మీటరుకి నూటికి మూడు తప్పుండాది. అది నువ్వు చదివిన అంకెలో కాదు, ముల్లు తిరిగే మొత్తం మేరలో. వెయ్యి రేంజిలో పెడితే ముప్పై వోల్టులు అటో ఇటో పోతాది. మీటరు కాలకుండా పెద్ద రేంజిలో మొదలుపెట్టు, తర్వాత ఒక్కొక్కటే దిగు. దిగకుండా మాత్రం నోరు తెరవబాక."

"అట్నే మేస్త్రీ" అన్నాను. ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను.

మనుబోలుకు తూర్పున, సముద్రం వైపు ఒక పల్లెలో ఒక రైతు బావికి మోటారు పెట్టించాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. వైరింగు నేనే చేశాను. మోటారు ఒంట్లోకి కరెంటు దిగితే అది భూమిలోకి పోవడానికి ఎర్త్ గుంత తవ్వాలి. పైపు దించి చుట్టూ బొగ్గులూ ఉప్పూ వెయ్యాలి, తేమ నిలవడానికి. ఉప్పు అనగానే ఆయన ఎగిరిపడ్డాడు.

"ఏందబ్బా నువ్వు చెప్పేది! ఉప్పునీళ్లు చేలోకి రాకుండా మా తాతల కాడినుంచి కట్టలేసుకుంటా చస్తా ఉండాం. ఇప్పుడు నా చేతుల్తో నేనే బావికాడ ఉప్పు పూడ్చాల్నా?"

ఆ తీరాన ఉప్పు ఎన్ని ఎకరాలు తిన్నదో నేనూ చూశాను. ఎదురు చెప్పలేకపోయాను. ఉత్త బొగ్గులేసి ఇసక నేలలో గుంత పూడ్చి వచ్చేశాను.

నెల తిరక్కముందే కబురొచ్చింది. మోటారు ముట్టుకుంటే చురుక్కుమంటోందట. భయపడి మోటారు వెయ్యడం మానేశారు, అక్కడ నారుమడి నెర్రెలిస్తోంది. మర్నాడు పొద్దున్నే మీటరు సైకిలుకు కట్టుకుని వెళ్లాను.

మోటారు వెయ్యడానికి పంపులో పోసిన నీళ్లు కారి షెడ్డులో నేలంతా తడి. అన్న స్టార్టరు దగ్గర నిలబడ్డాడు. ఆయన భార్య పసుపు కుంకుమ గిన్నె, నీళ్ల చెంబు పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి. మోటారుకి బొట్టుపెట్టి, మంచి గడియ దాటకముందే నీళ్లు వదలాలని ఆవిడ ఆశ. కాళ్లకు చెప్పుల్లేవు.

అన్న మోటారు వేశాడు. మీటరు తీగ ఒకటి తడినేలలో దిగ్గొట్టిన కడ్డీకి, ఇంకొకటి మోటారు ఒంటికి ఆనించాను. నాబు వెయ్యి మీదుంది. ముల్లు ఒక గీత మేర లేచింది. గతుకుల్లో వచ్చిన మీటరు కదా, ముల్లు కాస్త పక్కకు జరిగి ఉంటుందిలే అనుకున్నాను.

"సున్నా అన్నా. ఏమీ లేదు."

"ముల్లు లేచినట్టుండాదే, నాయనా" అంది అక్క, నా భుజం పక్కనుంచి తొంగి చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పక్కనుంచి చూస్తే అట్టాగే కనపడతాది అక్కా. ఎదురుగా నిలబడి అద్దంలో చూడాల. ఇది నా పని."

"అయితే మీ అన్నకు చురుక్కుమనింది అబద్ధమా?"

"భయం. భయాన్ని కొలిచే మీటరు నాకాడ లేదు."

అన్న నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "సరేలే, చదువుకున్నోడివి, నువ్వు లేదంటే లేనట్టే" అని చెంబులో చేయి ముంచింది. తడివేళ్లతో పసుపు తీసుకుని మోటారు వైపు వంగింది.

నేను అప్పటికే తీగలు చుట్టేశాను. పెట్టె మూసేముందు నాబును పెద్ద రేంజికి తిప్పి పెట్టడం అలవాటు. అలవాటు కొద్దీ తిప్పబోయాను. తిరగలేదు. అప్పటికే వెయ్యి మీదుంది.

అంటే నేను దిగనేలేదు. లేచిన గీత ఇరవై వోల్టులు, దాని మీద ముప్పై తప్పు. నేను సున్నా అన్న చోట యాభై ఉండొచ్చు. తడి ఒంటికి అది చాలు. ఆవిడ పాదాలు బురదలో ఉన్నాయి. వేళ్లకూ మోటారుకూ మధ్య జానెడు కూడా లేదు.

"అక్కా! ముట్టుకోబాక!"

ఆవిడ ఉలిక్కిపడి చేయి లాక్కుంది. పసుపు బురదలో పడింది. అన్న స్టార్టరు వైపు తిరిగాడు. "ఉండన్నా, ఆపబాక" అని తీగలు మళ్లీ ఆనించాను. రెండు వందల యాభై రేంజి, దాని తర్వాత యాభై. ముల్లు గబగబా ఎక్కి నలభై దాటి నిలిచింది. నలభై ఆరో, ఏడో. ఆ ఒక్కటీ తేల్చుకునే ఓపిక నాకు లేదు.

మోటారు ఆపించి అక్కడే కూలబడ్డాను. "తప్పు నాదే అక్కా" అన్నాను.

"భయాన్ని కొలిచే మీటరు లేదన్నావే" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మోటారు మూత విప్పితే, లోపల ఒక తీగ పైతొడుగు ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోంది. దాన్ని మార్చాను. షెడ్డు బయట ఎర్త్ గుంత తవ్వితే బొగ్గుల మధ్య ఇసక పొడిపొడిగా రాలింది. అన్న చూశాడు. ఇంటికి వెళ్లి, గోనెసంచిలో ఉప్పు భుజాన వేసుకుని తెచ్చాడు. తన చేతుల్తో తనే గుంతలో పోశాడు. కడవలతో నీళ్లు పోశాం.

మధ్యాహ్నానికి మోటారు మళ్లీ వేశాం. ముందే ముల్లును సున్నా మీదికి సర్దుకున్నాను. వెయ్యి, రెండు వందల యాభై, యాభై, పది. ఒక్కొక్కటే దిగాను. ముల్లు కదల్లేదు.

"సున్నా అక్కా."

"పొద్దునా అదే అన్నావు."

చెప్పులు విడిచి బురదలోకి దిగాను. ఆవిడ చెంబులోనే చేయి ముంచాను. కళ్లు మూసుకుని మోటారు మీద అరచేయి ఆనించాను. మోటారు అదురు తప్ప ఇంకేమీ తగల్లేదు. ఊపిరి పీల్చుకుని చేయి తీయబోయాను.

"ఉండనీ. తియ్యబాక" అంది.

నా చేయి అక్కడుండగానే దాని చుట్టూ నింపాదిగా పసుపు రాసింది. మూడు చోట్ల కుంకుమ పెట్టింది. అంతసేపూ నా మొహమే చూస్తూ ఉంది. గిన్నె పక్కన పెట్టి, చీర చెంగుకు వేళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు నమ్మినాలే. చెయ్యి తియ్యి."