సముద్రంలోంచి ఏండ్లు తీసిన నా బావమరిది

నా బావమరిది మొన్న మిర్యాలగూడ దవాఖానలో పోయాడు. పోయినవాడి గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ ముందు నా మాట వినండి. వాడికి రాయి తీయడం నేర్పింది నేను. ఇది చదివేవాళ్లలో వాడి సభలకు వచ్చినవాళ్లు ఉంటారు. ఆ సంగతి వాడి నోట ఎప్పుడైనా విన్నారా?

శవం ఇంట్లో ఉండగానే ఇదే నా భార్యతో అన్నాను. వాడు ఆమెకు సొంత తమ్ముడు. కళ్లు తుడుచుకుంటూనే నా మీద పడింది. "నా తమ్ముని పీనుగ లేవనే లేదు, నీ లొల్లి లేసిందా?"

మఠంపల్లి దగ్గర సిమెంటు కంపెనీ కోసం సున్నపురాయి ఎంత లోతుందో చూడటానికి డ్రిల్లింగ్ మిషన్ నడిపేవాణ్ని. వాడు నా కింద పనిచేసేవాడు. మామూలు బోరులో దుమ్ము వస్తుంది. మా పనిలో రాయి గుండ్రటి కర్రలా నిలువునా బయటికి రావాలి. దాన్ని కోర్ అంటాం. విరగకుండా తీయడమే పనితనం. వాడి చెయ్యి ఆగేది కాదు. రోజూ అరిచేవాణ్ని: "తొందరపడితే ముక్కలే వస్తయ్‌ రా, రాయి రాదు."

ఒకనాడు సముద్రం మీద పరిశోధన చేసే మేడం ఒకామె వచ్చింది. నీళ్ల కింద పగడపు దిబ్బలోంచి కోర్ తీసే మనిషి కావాలంది. నేనే ముందుకొచ్చి నిలబడ్డాను.

"ఈత వచ్చాండీ?" అని అడిగింది.

"ఈతతోని ఏం పని మేడం? రాయి తీసుడు వస్తది గదా."

వెనుక నుంచి నా బావమరిది నవ్వాడు. "మా బావకు బకెట్ల నీళ్లు సూస్తెనే చలిజ్వరం మేడం. నేను వాడపల్లిల పుట్టిన. మూసీల ఈదిన, కృష్ణల ఈదిన."

వాణ్నే లక్షద్వీప్ దీవులకు తీసుకుపోయారు. పనితనం చూసి కాదు, ఈత చూసి.

లక్షద్వీప్ నుంచి వచ్చినప్పుడల్లా ముందు సూర్యాపేటలో మా ఇంటికే వచ్చేవాడు. పగడం అంటే ఉంగరంలో ఎర్రరాయి అనుకునేవాణ్ని. అది వేరట. ఇవి చిన్న చిన్న ప్రాణులు సున్నంతో కట్టుకుంటూ పోయిన దిబ్బలు. కోరును పలకలుగా కోసి, ఎముకలకు తీసినట్టు ఎక్స్‌రే తీస్తే చారలు కనబడతాయి. ఒక తెల్ల చార, ఒక నల్ల చార కలిస్తే ఒక ఏడాది. వేడి నీళ్లలో కట్టిన సున్నానికీ, చల్లటి నీళ్లలో కట్టిన సున్నానికీ లోపల తేడా ఉంటుంది. దాన్ని పట్టుకుని, మా తాతలు పుట్టకముందు సముద్రం ఎంత వేడిగా ఉండేదో చెబుతారు.

"సముద్రం ఉడికితే మనకేంది రా?" అని వెక్కిరించాను.

"వాన గా సముద్రంలకెల్లే గదా బావా వచ్చేది. ఎనకట ఎట్లుండెనో తెలిస్తెనే ఇప్పుడెంత మారిందో తెలుస్తది."

నా రాయి సిమెంటు అయింది, వాడి రాయి చదువు అయింది. ఆ కడుపుమంట ఇప్పటికీ ఉంది. దాచుకోను.

మంచివాడే. మా ఇంటి బండ మీద కూర్చుంటే వేలితో ఆ రాతిలోని చారలు తడుముతూ ఉండేవాడు. టీ చల్లారిపోయేది. నా కాలు విరిగినప్పుడు దవాఖానలో నా దగ్గరే పడుకున్నాడు. నా కాలి ఎముక ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, "నీ బొక్కలల్ల చారల్లేవు బావా, నీ వయసు ఎవ్వనికీ దొరకదు" అన్నాడు. అంత నొప్పిలోనూ నవ్వించాడు.

కొలువు అయిపోయాక కోదాడలో ఒక బడివాళ్లు వాడికి సన్మానం చేశారు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. వాడు మైకులో అన్నాడు: "తొందరపడితే ముక్కలే వస్తయ్, ఏండ్లు రావు." చప్పట్లే చప్పట్లు. బయట పట్టుకున్నాను.

"గా మాట ఎవనిది రా?"

"మనదే గద బావా."

మనదని మైకులో అనలేదు కదా! ఇంటికొచ్చి ఆ మాటను నోట్లో తిప్పి తిప్పి చూసుకున్నాను. రాయి అనేదానికంటే ఏండ్లు అనేదే బాగుంది. నాకు తట్టలేదు. అందుకే ఇంకా మండింది.

ఇప్పుడు ఆ బడిలో వాడిచ్చిన పగడపు పలకను అద్దాల పెట్టెలో పెడతారట. పైన గోడ మీద ఆ మాట రాయించి, కింద వాడి పేరు ఒక్కటే వేయిస్తారట. పెద్దసారుకు కబురు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అందుకే అక్షరాలు కూడబలుక్కుని ఈ పత్రికలో రాస్తున్నాను.

సారూ, వాడి పేరు తీయమనను. ముందు సగం నాది, చివరి మాట వాడిది. రెండు పేర్లూ పక్కపక్కన ఉండాలి. పోట్లాడటానికి ఇక వాడు లేడు, మీ గోడ ఒక్కటే మిగిలింది. రంగులవాడు వచ్చే సోమవారం వస్తాడని విన్నాను. ఆదివారం పొద్దుగూకేలోపు నాకు తెలియాలి. రాయిస్తారా, రాయించరా?