గోడ బండెక్కిన ఏడాది

అతన్ని అందరూ గోడ అనే పిలిచేవాళ్ళు. పదహారేళ్ళపాటు ఒకే బారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవర్ని లోపలికి రానివ్వాలి, లోపలున్నవాళ్ళలో ఎవర్ని బయటికి గెంటాలి అన్నదే అతని ఉద్యోగం. ఆరడుగుల పైచిలుకు మనిషి, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలైందో చెప్పలేని ఒళ్ళు, చేటలంత చేతులు. నోరు పారేసుకున్నవాణ్ణి కాలరు పట్టి మెట్ల దాకా నడిపించేవాడు. తిరగబడితే ఒక్కటి పీకేవాడు. రెండోదానికి ఎప్పుడోగాని పని పడేది కాదు. అందులో కోపతాపాలేమీ లేవు. వడ్రంగి మేకు దిగ్గొట్టినట్టు కొట్టి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు.

నలభై మూడో ఏట ఒక మధ్యాహ్నం లోపల గొడవైతే విడదీయడానికి వెళ్ళాడు. ఎవడో ఇనుప కుర్చీ ఎత్తి అతని ఎడమ మోకాలి మీద వేశాడు. మోకాలు అతికిందిగానీ, ఇక గంటల తరబడి నిలబడే పని మానుకోమని డాక్టరు తేల్చి చెప్పాడు. ఒక శీతల గిడ్డంగి గేటు దగ్గర పగటి కాపలా దొరికింది. రోజంతా కుర్చీలో కూర్చుని లారీల నంబర్లు రాసుకోవడం. నెల తిరక్కుండానే అతనికి పిచ్చెత్తినంత పనైంది. అప్పుడు కొన్నాడు బండి.

మామూలు బండి కాదు, పందేల్లో తిప్పే రకం. వాడిందే అయినా ఎర్రరంగు పోలేదు. కూర్చుంటే కడుపు ట్యాంకు మీద ఆనుతుంది, చేతులు కిందికి, కాళ్ళు వెనక్కి పోతాయి. అలాంటివాటి మీద వచ్చిన కుర్రకారు పదహారేళ్ళు అతనికి తాళాలిచ్చి కాస్త చూస్తుండన్నా అని లోపలికి పోయేవాళ్ళు. చూశాడు, తుడిచాడు, ఒక్కనాడూ ఎక్కలేదు. చిన్నప్పుడు తొక్కిన సైకిలు, కొన్నాళ్ళు నడిపిన మోపెడు తప్ప అతనికి బండి అనుభవమే లేదు. ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే అతని భార్య, గుమ్మంలో దాన్ని చూసి రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మాత్రం, ఇన్నాళ్ళూ పక్కవాళ్ళ ఎముకలు విరగ్గొట్టారు, ఇక మీవి మొదలెట్టారా అంది.

ఆమె నోటి చలవో ఏమో, మొదటి రోజే అంత పనీ అయింది. క్లచ్ వదిలేసరికి బండి ముందుకు దూకింది. దూకేసరికి అతను వెనక్కి వాలాడు, వాలేసరికి పట్టుకున్న చెయ్యి యాక్సిలరేటర్ని ఇంకా తిప్పింది. సందు చివర పాలబూతు ప్రహరీ ఉరుక్కుంటూ ఎదురొచ్చింది. అతను గాల్లో లేచి, ప్రహరీ మీంచి అవతల పడ్డాడు. భుజం తప్పింది, గడ్డం చీరుకుపోయింది. లేచి కుంటుకుంటూ వచ్చి, పడున్న బండిని బూటుకాలితో తన్నాడు. అద్దం పగిలేదాకా పిడికిలితో గుద్దాడు. చేతికి రక్తం కారుతున్నా ఆగలేదు. మేడ మీంచి చూస్తున్న భార్యకి, అతను పనిలో ఎలా ఉండేవాడో అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఆమె అతనితో చాలాకాలం చెప్పలేదు.

భుజం సర్దుకున్నాక ఆమే అతన్ని ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. డ్రైవింగ్ స్కూల్లో పనిచేసి మానుకున్న అరవయ్యేళ్ళ మనిషి. అందరికీ టీచరమ్మే. అతని ఛాతీ ఎత్తు కూడా ఉండదు. మూతపడ్డ గోదాముల వెనక సిమెంటు ఆవరణలో ఇటుకలు వరసగా పెట్టి, వాటి మధ్యనుంచి నడిచే మనిషి కంటే మెల్లగా నడపమంది. తీసుకొచ్చిన బండేమో రెప్పపాటులో వంద దాటేది. మొదటి వారం ఇరవైసార్లన్నా పడ్డాడు. ఒకసారి సైలెన్సర్ మీద పిక్క ఆని చర్మం ఊడొచ్చింది. ఒకసారి ముందు బ్రేకు గట్టిగా నొక్కితే వెనక చక్రం లేచి అతన్ని హ్యాండిల్ మీంచి నేలకేసి కొట్టింది. పడ్డ ప్రతిసారీ బండి మీద చెయ్యెత్తబోయేవాడు. ఆవిడ చూస్తూ ఉండేది.

"దాంతో కుస్తీ పట్టకు నాయనా," అంది ఒకరోజు. "నువ్వు బిగుసుకుంటే అదీ బిగుస్తుంది. మోచేతులు వదులు చెయ్. ఎక్కడికెళ్ళాలో అక్కడ చూడు. ఏది గుద్దుతానో అని భయపడ్డావా, దాన్నే పోయి గుద్దుతావు."

భయం అన్న మాట అతని విషయంలో ఎవరూ వాడి ఎరగరు. కానీ నిజమే. బండెక్కితే అరచేతులు తడిసిపోయేవి. కత్తి తీసినవాడి ముందు కూడా గుండె అలా కొట్టుకోలేదు. మూడు వారాలకి ఇటుకల మధ్య కాలు దించకుండా తిరిగాడు. రెండు నెలలకి లైసెన్సు చేతికొచ్చింది. పొద్దున్నే పెద్ద రోడ్డు మీదికి వెళ్ళి నాలుగో గేరులో గాలి ఛాతీ మీద గుద్దుతుంటే, హెల్మెట్ లోపల ఒక్కడే నవ్వుకునేవాడు.

అలా తిరుగుతూ ఒక ఆదివారం పెట్రోలు బంకులో ఆగాడు. స్టాండు పూర్తిగా తెరుచుకోలేదని చూసుకోకుండా ఒరిగాడు. రెండు క్వింటాళ్ళ బండి ఎడమపక్కకి విరుచుకుపడింది. పాత మోకాలు దాని కింద ఇరుక్కుంది. పక్క పంపు దగ్గర టైల్స్ పెట్టెలు వేసుకున్న చిన్న వ్యాను ఆగుంది. అందులోంచి ఒక బక్కపలచటి మనిషి దిగి, సాయానికొస్తున్నట్టే వచ్చాడు. వంగి, హెల్మెట్ అద్దం పైకెత్తి మొహం చూశాడు. మళ్ళీ వ్యాను దగ్గరికెళ్ళి ఇనుప రాడ్డు తెచ్చాడు.

మొదటి దెబ్బ పక్కటెముకల మీద పడింది. లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడు అతనికే వినబడింది. రెండోది చెయ్యి అడ్డం పెడితే ముంజేతి మీద.

"నన్ను గుర్తుపట్టావా?" అని అడిగాడు ఆ మనిషి.

గోడ నిజమే చెప్పాడు. "లేదు."

ఆ మాటకి వాడికి ఒళ్ళు తెలియలేదు. హెల్మెట్ మీద, భుజం మీద, తొడ మీద, ఎక్కడ దొరికితే అక్కడ బాదాడు. ప్రతి దెబ్బకీ అదే ప్రశ్న. ఎత్తిన అద్దం సందులోంచి రాడ్డు మొన దూరి పైపన్ను రెండు ముక్కలైంది. తన కుడిచెయ్యి అతని కళ్ళ ముందు చాచి చూపించాడు. బొటనవేలు అడుగుదాకా చితికి, ఎండిన అల్లంకొమ్ములా అరచేతికి అతుక్కుపోయి ఉంది. అప్పటికీ గోడకి ఏమీ గుర్తు రాలేదు. బంకువాళ్ళు పరిగెత్తుకొచ్చి వాణ్ణి లాగారు. వ్యాను వెళ్ళిపోయింది.

మూడు ఎముకలు, ఒక పన్ను. పోలీసులడిగితే బండి మీంచి పడ్డానన్నాడు. భార్య నమ్మలేదు. ఎవడో చెప్పమని అడిగితే తెలియదన్నాడు. అది మాత్రం నిజం. మంచం మీద పడుకుని తను గెంటినవాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసుకున్నాడు. ఆ మొహం వాటిల్లో లేదు. కొట్టిన దెబ్బకంటే అది అతన్ని ఎక్కువ కాల్చింది. జీవితంలో మొదటిసారి అతనికి ఒక మనిషి మీద కోపమొచ్చింది.

వ్యాను మీది కొట్టు పేరు గుర్తుంది. నలభై రోజుల తర్వాత, పట్టీలు విప్పిన మర్నాడు, ఆ కొట్టుకెళ్ళి బొటనవేలు చితికిన టైల్స్ మేస్త్రీ ఎక్కడ పనిచేస్తున్నాడని అడిగాడు. ఊరి చివర కొత్తగా కడుతున్న ఇల్లన్నారు. మిట్టమధ్యాహ్నం. ఆ రోజు బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. టీచరమ్మ చెప్పినదొక్కటీ బుర్రలో లేదు. మలుపులో లారీ టైరు అతని మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది. గుండె ఝల్లుమనలేదు, అంత కోపం.

మేస్త్రీ మేడ మీద స్నానాలగదిలో ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఎడమచేత్తో టైలు ఆనించి రసమట్టం చూసుకుంటున్నాడు. తలెత్తాడు, కానీ లేచే వ్యవధి దొరకలేదు. గోడ అతన్ని మెడ దగ్గర పట్టి ఎత్తి, అప్పుడే టైల్స్ అతికించిన గోడకేసి కొట్టాడు. అవి పెళపెళా రాలాయి. మేస్త్రీ తాపీతో చెంప చీల్చాడు. గోడ తలతో అతని ముక్కు మీద గుద్దాడు. ఇద్దరూ తడి సిమెంటులో జారి పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు. మేస్త్రీ సుత్తి అందుకున్నాడు. బొటనవేలు ఆనక అది పిడికిట్లోంచి జారిపోయింది. గోడ రెండు చేతులతో విసిరేశాడు. మేస్త్రీ వెళ్ళి కోసి పేర్చిన టైలు ముక్కల మీద పడ్డాడు.

లేవలేదు. కుడితొడ లోపలివైపు ఒక ముక్క దిగింది. రక్తం ధారకట్టి నేల మీద పరుగులు తీస్తోంది.

మేస్త్రీ గాయాన్ని నొక్కుకుంటూ, రొప్పుతూ మాట్లాడాడు. "నేను తాగడానికి రాలేదురా. మా తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్దామని వచ్చా. తలుపు మీద చెయ్యేశా. నువ్వు మూశావు. చెయ్యి ఇరుక్కుంది, తియ్యమన్నా. నువ్వు ఇంకా నొక్కావు."

అప్పుడు గుర్తొచ్చింది, మొహం కాదు, తలుపు. నాలుగేళ్ళ కిందట, టీవీలో ఏదో ఆట ఉన్న రోజు, లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. తలుపు పూర్తిగా పడలేదు. మధ్యలో ఏదో మెత్తగా అడ్డొచ్చింది. అతను భుజం ఆనించి గట్టిగా తోశాడు. గొళ్ళెం పడింది. అవతలి కేక లోపలి పాటల హోరులో కలిసిపోయింది. అంతే.

అతను తన బెల్టు విప్పి మేస్త్రీ తొడకి గాయం పైన బిగించి కట్టాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, రోడ్డు తవ్వేశారు, చుట్టూ తిరిగి రావాలి, అరగంటన్నా పడుతుందన్నారు. కింద ఇంకెవరూ లేరు. మేస్త్రీని భుజాన వేసుకుని దిగి, బండి వెనక సీటు మీద కూర్చోబెట్టాడు. ఆ సీటు అరచెయ్యంత, ఎత్తుగా ఉంటుంది. అప్పటిదాకా గోడ వెనక ఎవర్నీ ఎక్కించుకోలేదు. నడుం పట్టుకోమన్నాడు. మేస్త్రీ కుడిచెయ్యి జారిపోతోంది. వేళ్ళు మూసుకుంటున్నాయిగానీ బొటనవేలు పనిచెయ్యక పట్టు నిలవడం లేదు. గోడ ఆ చేతిని కాసేపు చూశాడు. ఇసుక తొట్లు పైకి లాగే తాడు తెచ్చి, ఇద్దరి నడుములూ కలిపి కట్టాడు.

వెనక బరువుతో ముందు చక్రం తేలిపోతోంది. తవ్విన రోడ్డు మీద గుంతకో కుదుపు. కుదిపితే రక్తం పోతుంది, ఆగితే ప్రాణం పోతుంది. మోచేతులు వదులు చేశాడు. వెళ్ళాల్సిన చోటు చూశాడు. క్లచ్ సగం మీద పట్టి, కంకర గుట్టల మధ్యనుంచి మనిషి నడిచేంత మెల్లగా దాటించాడు. మేస్త్రీ చెవిలో బూతులు తిడుతూ, బాగున్న చేత్తో అతని పక్కటెముకల మీద గుద్దుతున్నాడు. అతికీ అతకని ఎముకలవి. ప్రతి గుద్దుకీ గోడ కళ్ళు బైర్లు కమ్మాయి. వేడి ఇంజను మీద పడిన రక్తం కాలి కమురు వాసనేసింది. పెద్ద రోడ్డెక్కేసరికి గుద్దులు ఆగాయి, తల భుజం మీదికి వాలింది.

"తిట్టు," అన్నాడు గోడ. "ఆపకు. నన్ను తిట్టు."

మేస్త్రీ గొంతు నూతిలోంచి వచ్చినట్టు మళ్ళీ మొదలైంది. వాహనాల వరసల మధ్య సందులు చూసుకుంటూ ఆసుపత్రి వాకిలిదాకా తెచ్చాడు. కాలు దించితే మోకాలు మడతపడింది. కట్టుకున్న తాడుతో సహా ఇద్దరూ, బండీ మెట్ల మీద కూలారు. నర్సులు తాడు కోసి మేస్త్రీని లోపలికి తీసుకెళ్ళారు.

ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. సాయంత్రానికి మేస్త్రీ తల్లి వచ్చింది. వరండాలో నిలబడ్డ గోడని ఎవరో వేలు పెట్టి చూపించారు. చెప్పు తీసి మొహం మీద కొట్టింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టి, కింద కూర్చుని ఏడ్చింది. అదే ఆసుపత్రి ఇస్త్రీ గదిలోంచి పరిగెత్తుకొచ్చిన భార్య అదంతా చూసింది, అడ్డం రాలేదు.

పోలీసులకి ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పాడు, తలుపు సంగతితో సహా. బంకులో తనని కొట్టిన మాట మాత్రం అడిగినా ఎత్తలేదు. ఏడు నెలలు శిక్ష పడింది. భార్య వారం వారం వచ్చేది. పాలబూతు దగ్గర అతను బండిని గుద్దడం చూసిన సంగతి ఒకసారి అక్కడే చెప్పింది. ఆ రాత్రి తనకి నిద్ర పట్టలేదంది. బండి అమ్మేస్తావా అని అతను అడిగాడు. అమ్మనంది. "అది మిమ్మల్ని పడేసినట్టు ఇంకెవరూ పడెయ్యలేదు. ఉండనివ్వండి."

విడుదలయ్యాక ఆరు వారాలకి అతను మేస్త్రీని మళ్ళీ చూశాడు. మార్కెట్ వీధిలో, ఒక దుకాణం మెట్లకి రాళ్ళు పరుస్తున్నాడు. కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఎడమచేత్తో పని. గోడ బండి ఆపాడు. ఏమనాలో ఇన్నాళ్ళూ అనుకున్న మాటలున్నాయి. దిగబోయాడు.

మేస్త్రీ తలెత్తి చూశాడు. తాపీతో సిమెంటు ముద్ద తీసి గురిచూసి విసిరాడు. హెల్మెట్ అద్దం మీద ఛెళ్ళున పగిలి కళ్ళకడ్డంగా పరుచుకుంది. గోడ అద్దం పైకెత్తాడు. మేస్త్రీ మళ్ళీ వంగి రాయి సరిచూసుకుంటున్నాడు. గోడ మొదటి గేరు వేసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి సిమెంటు గట్టిపడింది. చెంబుడు నీళ్ళు పోసి గోకుతుంటే భార్య వచ్చి ఏమైందని అడిగింది.

"మేస్త్రీ కనబడ్డాడు," అన్నాడు. "పనిలో ఉన్నాడు."

ఆమె లోపలికెళ్ళి పాత గుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చింది.