తీరని అడ్వాన్సుల జాబితాలో ఆఖరి వరస

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ధైర్యం వల్ల కాదు, ఉద్యోగం వల్ల. మా సెక్షన్‌లో ప్రతిదానికీ ఒక పద్దు ఉండేది. సభ్యుల ప్రయాణ భత్యానికి ఒకటి, మైకుల మరమ్మతుకు ఒకటి, కుర్చీల గలీబులు ఉతికించడానికి ఒకటి. దెయ్యాలే ఉండి ఉంటే ఏదో ఒక ఏడాది ఎవరో ఒకరు వాటి పేరు మీద కూడా నిధులు అడిగేవారు. ఎవరూ అడగలేదు. కాబట్టి లేవు అనుకునేవాణ్ణి.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో వెటకారం దొర్లితే మన్నించాలి. భయం వేసినప్పుడు నాకు వచ్చేది అదొక్కటే.

రెండువేల దశకం మొదట్లో మాట. ఊరి బోర్డుల మీద ఇంకా పాండిచ్చేరి అనే ఉండేది. నేను ఒక చట్టసభ కార్యాలయంలో, సభ ఖర్చుల లెక్కలు చూసే సెక్షన్‌లో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. యానాం నుంచి తెలుగులో కాగితాలు వస్తాయి, అవి చదివేవాళ్లు లేరు. మా ముదలియార్‌పేటలో ఇంటింటా తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు వచ్చినవాళ్లు తక్కువ. నాకు మా నాయనమ్మ నేర్పింది. ఆ ఒక్క అర్హతతో ఉద్యోగం దొరికింది. మిగతా అర్హతలు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా సూపరింటెండెంట్ వి. గోవిందరాజులు గారు. అరియాంకుప్పంలో ఉండేవారు. అమ్మకు దూరపు వరసలో అన్న. ఆఫీసులో సార్ అనేవాణ్ణి, సాయంత్రం ఇద్దరం బస్సు ఎక్కగానే మామా అనేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు ఆఫీసులోనూ మామే. ఎడమచేతి వాటం మనిషి. రిజిస్టరులో పెట్టే టిక్కులు అందరివీ ఒక వైపు వాలితే ఆయనవి ఇంకో వైపు వాలేవి. దూరం నుంచి చూసినా ఎవరు సరిచూశారో తెలిసిపోయేది.

వచ్చే ఏడాది సభ ఖర్చుల అంచనాలు తయారయ్యాక, వాటిని కమిటీ ముందు పెట్టే ముందు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఒకరు టైపు చేసిన ప్రతిని గట్టిగా చదవాలి. ఇంకొకరు అసలు రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో అంకెకూ టిక్కు పెట్టి జవాబు చెప్పాలి. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. అందుకని గది మధ్యలో వరసగా నిలబెట్టిన ఇనుప బీరువాలకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు కూర్చునేవాళ్లం. కిటికీలు నా పక్క. తలుపు, ఫ్యాను, మామ కుర్చీ ఆ పక్క. ఇటు నుంచి అటు పోవాలంటే గోడ వారన ఒకే సందు, అదీ మామ కుర్చీని రాసుకుంటూ పోవాలి.

ఆ ఏడాది అంచనాలతో పాటు తీరని అడ్వాన్సుల జాబితా కూడా కావాలని కమిటీ అడిగింది. సభా కమిటీలు పర్యటనకు పోయినప్పుడు ఖర్చుల డబ్బు వెంట వెళ్లే ఉద్యోగి పేరు మీద ముందుగా ఇస్తారు. తిరిగొచ్చాక బిల్లులు పెట్టి, మిగిలింది చలాన్ రాసి బ్యాంకులో ప్రభుత్వ ఖాతాకు కట్టాలి. కట్టనివాళ్ల పేర్లు ఆ జాబితాలో వస్తాయి. ఆఖరి వరసలో ఉన్నది గోవిందరాజులు మామ. రెండేళ్ల నాటి యానాం పర్యటన, మిగులు పదకొండు వేల నాలుగు వందలు. ఆయన రిటైర్మెంటుకు ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. పేరు ఆ జాబితాలో కమిటీ ముందుకు పోతే విచారణ తేలేదాకా పెన్షన్ కాగితాలు కదలవు.

ఆ ఉదయం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు.

"జాబితా టైపు అయిందా?"

"అయింది సార్. ఆఖరి వరస మీదే."

"తెలుసులే. పెద్దగా అనబాక. జనం ఉండారు."

"ఆ దుడ్డు ఇప్పుడు కట్టేస్తే పేరు తీసేస్తారు కదా మామా," అన్నాను మెల్లగా.

"యాడుంది రా దుడ్డు? ఉంటే నీతో చెప్పించుకుంటానా?"

నేను నా జేబు తీసి చూపించాను. అందులో ఒక బస్సు టికెట్టు, ఎనిమిది రూపాయలు ఉన్నాయి. "సగం తీసుకోండి," అన్నాను. ఆయన నవ్వారు గానీ కళ్లు నవ్వలేదు.

కమిటీ సాయంత్రం నాలుగింటికి. మిగతావాళ్లంతా హాల్లో కుర్చీలు సర్దించడానికి, భోజనాలకు పోయారు. పన్నెండున్నరకు మామ, "నువ్వు టీ తాగిరా, చదివేద్దాం," అన్నారు. నేను కిందికి పోయి తాగి, ఆయనకొక గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. గదిలో ఎండ తప్ప ఏమీ కదలడం లేదు. మామ కుర్చీ వైపు నేను చూడలేదు. తలుపు తీయగానే ఎడమకు తిరిగి, ఆయన బల్ల చివర టీ పెట్టి, సందులోంచి నా పక్కకు వచ్చాను. కుర్చీలో మనిషి ఉన్నాడా అంటే, ఉన్నాడనే అనుకున్నాను. రోజూ ఉండే మనిషిని ఎవరు చూస్తారు?

"మొదలుపెడదామా మామా?"

"చదువు."

మామ గొంతే. కొంచెం బొంగురు, పదం చివర ఎత్తి పట్టే అలవాటు. నేను చదవడం మొదలుపెట్టాను. జీతాలు. "ఉండాది." కరువు భత్యం. "ఉండాది." సభ్యుల ప్రయాణాలు, స్టేషనరీ, ముద్రణ, టెలిఫోన్లు. ఒక్కోదాని తర్వాత పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడు, ఆపైన "ఉండాది."

మూడో పేజీలో నాకు విసుగొచ్చింది. ప్రతి ఏడాదీ చేసే పనే చేశాను. "సభ ఆవరణలోని పిల్లులకు పాల ఖర్చు, రెండు వందలు," అని అదే రాగంలో చదివాను. ఎప్పుడూ మామ, "నీ మొహానికి పోయను రా ఆ పాలు," అనేవారు. ఈసారి కాస్త ఆగి, "లేదు. చదువు," అని మాత్రం వినిపించింది.

ఆ జవాబు నాకు నచ్చలేదు. మనిషి దిగులులో ఉన్నాడు, వేళాకోళం తగ్గించుకుందాం అనుకున్నాను.

అయిదో పేజీ తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూశాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరికో సలాం కొడుతున్నాడు. నల్ల గొడుగు. గొడుగు ముడిచాక కింద గోవిందరాజులు మామ కనిపించారు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నారు.

నేను అప్పటికే సగం చదివిన అంకె నోట్లోంచి పూర్తిగా వచ్చేసింది. ఫర్నిచర్ మరమ్మతు, అరవై వేలు.

"ఉండాది," అంది బీరువా అవతలి గొంతు.

నేను చదవడం ఆపేశాను. కింద మామ చెప్పులకు అంటిన ఇసుక మెట్టుకు రాసి దులుపుకుంటున్నారు. అవతల కుర్చీ చిన్నగా కిర్రుమంది.

"చదువు."

పారిపోవచ్చు కదా అని ఇప్పుడు అందరూ అంటారు. సందు ఆ కుర్చీ పక్కనే ఉంది. కిటికీకి కమ్మీలున్నాయి. నాకు మిగిలిన ఒకే దారి ఆరో పేజీ. చదివాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఒక్కో అంకెకూ జవాబు వస్తూనే ఉంది, తొందర లేదు, కోపం లేదు. అదే నన్ను చంపేసింది. అరిచినా, బీరువా గుద్దినా ఏదో అర్థం చేసుకునేవాణ్ణి. అది మాత్రం పని చేస్తోంది.

అంచనాలు అయిపోయాయి. అడ్వాన్సుల జాబితా తీశాను. మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి. పై నుంచి మూడు వరసలు చదివాను. మూడింటికీ "ఉండాది." ఆఖరిది చదివాను. వి. గోవిందరాజులు, యానాం పర్యటన, మిగులు పదకొండు వేల నాలుగు వందలు.

జవాబు రాలేదు. పెన్సిలు చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది, టిక్కు పెట్టేంత కంటే ఎక్కువసేపు. ఆ తర్వాత మామ గొంతుతో, "అది తీసెయ్. కట్టేసినా," అంది.

తలుపు తెరుచుకుంది.

"ఒరే మురళీ, యాడుండావు?"

ఆ మాట ఎవరన్నారో నాకు తెలియలేదు. ఒకే గొంతు. నేను పలకలేదు. బల్ల కింద కాళ్లు పైకి లాక్కున్నాను, ఇరవై నాలుగేళ్ల మగవాడిని. మళ్లీ పిలుపు వచ్చింది. అడుగులు సందులోకి వచ్చాయి. బీరువా చివర ముందు గొడుగు, తర్వాత చెమట పట్టిన మొహం కనిపించాయి. చెమట వాసన వచ్చాక గానీ నమ్మలేదు.

"ఏంది రా, పిలస్తా ఉంటే పలకవు?"

"ఎక్కడికి పోయారు మామా?"

"నువ్వు టీకి పోయినాక చీటీ పాటాయన దగ్గిరికి పోయినా. ఆ దుడ్డు ఇస్తాడేమోనని. ఇయ్యలేదు. ఎండలో నడిచొచ్చినా. ఏమైంది నీకు?"

చెప్పాను. ఆయన నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వితే బాగుండేది. నేరుగా తన బల్ల దగ్గరికి పోయారు. నేను వెనక నిలబడ్డాను. రిజిస్టరు తెరిచి ఉంది. మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా ప్రతి అంకెకూ పెన్సిలు టిక్కు. అన్నీ ఆయన వాలించే వైపే వాలి ఉన్నాయి. టీ గ్లాసు నేను పెట్టిన చోటే ఉంది, నిండుగా. ఆఖరి వరస పక్కన టిక్కు లేదు. ఒక చలాన్ నంబరు, రెండేళ్ల నాటి ఒక తేదీ రాసి ఉన్నాయి.

"ఈ రాత నాదే," అన్నారు మామ. అంకెల మీద వేలు పెట్టి మళ్లీ చదివి, "నేను రాయలేదు," అన్నారు.

ఆ తేదీ ఉన్న నెల చలాన్ల కట్ట కింది అరలో ఉంది. ఆయన కట్ట నా ముందుకు తోశారు, నేను విప్పాను. ఆ నంబరు కాగితం ఉంది. పదకొండు వేల నాలుగు వందలు. బ్యాంకు ముద్ర, కట్టినవారి సంతకం. మామ సంతకమే.

"మంచిదే కదా మామా. మర్చిపోయుంటారు," అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అంటున్నప్పుడే తెలుసు.

"మీ అత్తని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆ దుడ్డు వాడేసినా రా. మళ్లీ కడదామని రెండేళ్లుగా చూస్తా ఉండా. ఏనాడూ కట్టలేదు." చలాన్ మీది తేదీ చూపించారు. "ఆ పొద్దు నేను ఆసుపత్రిలోనే ఉండా. ఆపరేషన్ ఆ పొద్దే."

హాజరు పట్టీ తీసి చూశాం. ఆ తేదీన ఆయన సెలవు. ట్రెజరీకి ఫోన్ చేశాను. అవతల గుమాస్తా పది నిమిషాలు వెతికి, ఆ నంబరు మీద ఆ మొత్తం ఆ రోజే జమ అయిందని చెప్పాడు. ఎవరో దొంగ కాగితం పెట్టారని అనుకోవడానికి కూడా లేదు. డబ్బు నిజంగా పోయి ప్రభుత్వ ఖాతాలో కూర్చుంది.

మూడున్నరకు మామ కొత్త జాబితా టైపు చేయించమన్నారు, ఆఖరి వరస తీసేసి. సంతకం పెట్టే ముందు పెన్ను చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. "కట్టలేదని నేను చెప్తే నమ్ముతారా రా?" అన్నారు. "కట్టారని కాగితం చెప్తోంది మామా. మన ఆఫీసులో మనిషి మాట కంటే కాగితం మాటే చెల్లుతుంది," అన్నాను. జోకు కాదు అది. ఆయన సంతకం పెట్టారు. కమిటీ ఆ జాబితా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

వారం తర్వాత ఆయన అత్త గాజులు తాకట్టు పెట్టి పదకొండు వేల నాలుగు వందలు తెచ్చారు. నేనే ట్రెజరీకి తోడు వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన బాకీ లేదు, ఏ పద్దు కింద తీసుకోమంటారు అని అడిగాడు. మామ నోట్ల కట్ట మళ్లీ జేబులో పెట్టుకున్నారు. అత్త గాజులు ఆ సాయంత్రమే ఇంటికి తిరిగొచ్చాయి.

ఇన్నేళ్లలో అన్ని రకాలుగా ఆలోచించాను. మామే ముందు కట్టేసి మర్చిపోయారా? ఆ రోజు ఆపరేషన్ గది బయట ఆయన పక్కన మా అమ్మ కూర్చుని ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. నాకు ఎండ దెబ్బ తగిలిందా? తగిలి నేనే టిక్కులు పెట్టుకుని ఉంటే అవి నా వైపు వాలాలి. వాచ్‌మన్‌ను అడిగాను, సార్ పన్నెండున్నర దాటాక బయటికి పోవడం, ఒకటిన్నరకు రావడం రెండూ చూశానన్నాడు. ఒక దానికి జవాబు వెతికితే ఇంకొకటి ఊడిపోతుంది. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

మామ అనుకున్న రోజుకే రిటైరయ్యారు. పూలదండ, శాలువా, మైసూర్‌పాకు అయ్యాక గేటు దాకా వచ్చి, టిఫిన్ క్యారియరు బల్ల మీదే మర్చిపోయానన్నారు. ఇద్దరం మళ్లీ పైకి వెళ్లాం. అందరూ కిందే ఉన్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది.

"పో రా, తెచ్చియ్," అన్నారు.

"మీ సీటు మామా. మీరే వెళ్లండి," అన్నాను.

ఆయన తలుపు మీద చెయ్యి వేసి, తోయకుండా తీసేశారు. అరియాంకుప్పం బస్సు వేళయిందని ఆయనే అన్నారు. క్యారియరు మూడు గిన్నెలది, కొత్తదే. దాని గురించి అత్త ఇంటి దగ్గర అడిగితే బస్సులో పోయిందని ఇద్దరం ఒకే మాట చెప్పాం.