అప్పలమ్మత్త అబద్ధం చెప్పలేదు

నాలుగేళ్ల క్రితం పోర్ట్ బ్లెయిర్‌లో క్యాన్సర్ పరిశోధన ఒకటి మొదలైంది. పళ్ల డాక్టరు నోళ్లు పరీక్షించేవారు, లెక్కల మేడం కాగితాలు సరిచూసేవారు. తెలుగు వచ్చినవాణ్ణని మిన్నీ బేలోని మా జాలర్ల ఇళ్లకు ప్రశ్నల కాగితాలతో నన్ను పంపేవారు.

మా పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అది తెలిస్తే ఆఫీసువాళ్లు నవ్వుతారని నాకు సిగ్గు. అందుకే ఎవరినీ అడక్కుండానే ‘పొగాకు అలవాటు లేదు’ అని రాసేశాను.

పరీక్షల రోజున మా అప్పలమ్మత్త అంగిలి నిండా పొగ తాగేవాళ్లకొచ్చే తెల్లమచ్చలు చూసి డాక్టరు నివ్వెరపోయారు. మేడం నేను రాసిన కాగితం చూసి, హిందీ కలిపిన తెలుగులో నాతో అన్నారు.

“ఈ ఆడవాళ్లంతా ఝూఠ్ చెప్పారు భయ్యా. ఈ పేటనే లిస్టులోంచి తీసేద్దాం.”

తీసేస్తే మిగతావాళ్ల నోళ్లు ఇక ఎవరూ చూడరు. అత్త కుర్చీలోంచి లేచి, బొడ్లోంచి చుట్ట తీసి చూపించింది.

“ఏటీ, నాను ఝూఠా? నలబై ఏళ్లుగా కాలుస్తన్నాను, ఎవుడికి బయం? ఒరే, నన్నొక్కసారైనా అడిగినావేట్రా?”

“అడగలేదత్తా” అన్నాను. మేడం వైపు తిరిగి, “నేనే రాసేశాను మేడం” అని ఒప్పుకున్నాను.

పేట లిస్టులోనే ఉండిపోయింది. మర్నాడు నేను మళ్లీ కాగితాలు పట్టుకుని వెళ్తే, అత్తే ముందు నడిచి ప్రతి తలుపూ తట్టింది.

“పెళ్లిచూపులకొచ్చినట్టు ఆ సిగ్గేట్రా? అడుగు!”

ఇప్పటికీ ఆఫీసులో కొందరు “మీవాళ్లు దాచారు” అంటుంటారు. ఎవరూ ఏమీ దాచలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసింది నేను. ఈ ఉద్యోగం పోయినా సరే, ఆ మాట అందరి ముందూ చెబుతాను.