ముగ్గుపిండి ఇండోనేషియా

కరీంనగర్‌లో మా గ్రానైట్ ఆఫీసు తలుపు పొద్దున తీయగానే రాతిపొడి వాసన గుప్పుమంటుంది. బల్ల మీద పేరుకున్న తెల్లటి పొడిలో నిన్న ఊరికే వేలు పెట్టి గీస్తుంటే సుమత్రా వచ్చేసింది, దాని పక్కన సన్నగా జావా. తుడవబోయి ఆగిపోయాను. ఆ దేశాన్ని నాకు పరిచయం చేసింది నస్పూర్‌లో మాకు సోషల్ చెప్పిన సుగుణ టీచర్.

టీచర్ పొట్టి మనిషి, గొంతు మాత్రం గని సైరనంత. ఇండోనేషియా పాఠం రోజు మమ్మల్ని తరగతిలో కూర్చోనివ్వలేదు. బడి ముందు నీళ్లు చల్లించి, "తడి నేలంత సముద్రమే. జర చూసి నడువుండ్రి, మునుగుతరు" అని, ముగ్గుపిండితో దీవులు పోయడం మొదలుపెట్టారు. సుమత్రా, జావా, బోర్నియో, కాళ్లు చాపిన సాలీడులాంటి సులవేసి, తూర్పు కొసన పపువా. చిన్న దీవులైతే వేలకు వేలట. పిడికెడు పిండి నాకిచ్చి, "మిగిలినయి నువ్వు పెట్టు" అన్నారు. చుక్కలు పెట్టాక ఇంటిదగ్గర అలవాటైన చేయి ఊరుకుంటుందా? దీవికీ దీవికీ గీతలు కలిపేశాను. పిల్లలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నవ్వకుండ్రి. అక్కడోళ్లు గీ గీతల మీదనే బతుకుతరు. పెండ్లికి పోవాలన్నా దవాఖానకు పోవాలన్నా పడవ ఎక్కాలె. మన బస్సు తొవ్వలసొంటియే" అన్నారు టీచర్. బస్సెక్కినట్టు పడవెక్కి తిరిగే దేశం ఒకటుందంటే నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

చుట్టుపక్కల జిల్లాల బడులకు కరీంనగర్‌లో ప్రదర్శన పెట్టారు. ఆ ముగ్గు వేసి వివరించడానికి టీచర్ నన్నే ఎంచారు. కన్నతల్లే అయినా మా అవ్వకు నమ్మకం కుదరలేదు.

"మా పిల్ల కొత్తోళ్ల ముందట నోరు తెరువది టీచర్. సుట్టాలొస్తెనే అర్రలకు ఉరుకుతది. దాన్నేం మాట్లాడిస్తరు?"

"మాట్లాడకుంటే నా పరువు పోతది గని, దానిదేం పోదు. పంపియ్యమ్మా."

శ్రీరాంపూర్ గనిలో డ్యూటీ దిగి వచ్చిన బాపు మాత్రం, "తీస్కపోండ్రి. బస్సుల నిద్రపోతది, జర లేపుండ్రి" అని నవ్వాడు.

అక్కడ హాల్లో నున్నటి గ్రానైట్ నేల. జారుతుందని నీళ్లు చల్లనివ్వలేదు. పొడి నేల మీదే వేశాను. మార్కులు వేయడానికి వచ్చిన పెద్దాయన మా దగ్గరికి రాగానే, ఆయనకు ఉక్కపోస్తుందని ఎవరో ఫ్యాను వేశారు. సుమత్రా లేచి జావా మీద పడింది. బోర్నియో సగం ఆయన చెప్పుల మీదికెక్కింది.

"ఇదేందమ్మా, గిది పటమా?" అని అడిగారాయన.

టీచర్ వైపు చూశాను. ఆవిడ ఠక్కున కిటికీ వైపు తిరిగి, బయట ఏనుగేదో పోతున్నట్టు చూస్తూ నిలబడ్డారు. ఒళ్లు మండిపోయింది. నా మీద, ఆవిడ మీద, ఆ ఫ్యాను మీద కోపం. ఆ కోపంలోనే నోరు తెరుచుకుంది.

"ఇండోనేషియా సార్. అక్కడ అగ్నిపర్వతాలు శాన ఉన్నయి. ఒక్కటి పేలిందంటే బూడిద లేసి పక్క దీవి మీద పడ్తది. గిప్పుడు మీ చెప్పుల మీద పడ్డది సూడుండ్రి, అట్ల."

ఆయన నవ్వాపుకున్నారు. "మరి బూడిద పడ్తుంటే జనం అక్కడెందుకుంటరు?"

"ఆ బూడిదతోనే నేల బలమైతది సార్. వరి మంచిగ పండుతది. మా దిక్కు పొలంల చెరువు మట్టి పోస్కున్నట్టు."

ఇక ఆగితే ఒట్టు. భూమధ్యరేఖ, వానలు, ఒకే దేశంలో మూడు రకాల గడియారాలు... ఆయన పక్క బల్లకు పోతుంటే వెంటపడి మరీ చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, వింటుంటే భలే సంతోషంగా ఉంది.

బహుమతి ఇంకో బడికి పోయింది. తిరుగు బస్సులో టీచర్ పల్లీలు నములుతూ, "నేను నడుమల మాట్లాడితే మనకే వచ్చునేమో" అన్నారు.

"మరెందుకు మాట్లాడలే టీచర్?"

"నాకు మాట్లాడొస్తదని అందరికి ఎరుకే గదనే."

టీచర్ పోయినేడు పోయారు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి విదేశం నుంచి రాయి కొనే ఆయన ఫోన్ చేశాడు. ఆయనేదో అడిగాడు, పిల్ల బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. జవాబు నా నాలుక చివరే ఉంది. లేచి కిటికీ దగ్గరికి పోయి, రోడ్డు మీది ఆటోలను చూస్తూ నిలబడ్డాను. తెలిసిన మాటను దిగమింగుకుని నిలబడటం ఇంత కష్టమా? ఆ రోజు టీచర్‌కు ఎంత చెమట పట్టిందో అనుకుంటుండగా, నా వెనక ఆ పిల్ల గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.