పెరట్లో బియ్యప్పిండి గీత

మా పెరడు గోడ నుంచి గోడకు పద్నాలుగు అడుగుల వెడల్పు. వెనక గడప నుంచి ఉత్తరపు ప్రహరీ దాకా ఇరవై రెండు అడుగుల పొడవు. ఆ ప్రహరీ మీదుగా చూస్తే కొండ కనిపిస్తుంది. తిరుపతిలో ఎన్నో ఇళ్ళకు కొండ కనిపిస్తుంది కాబట్టి అదేమీ విశేషం కాదు. మా పెరటికి విశేషం పారిజాతం చెట్టు. గడప నుంచి సరిగ్గా పదిహేనో అడుగు దగ్గర దాని మొదలు.

ఆ చెట్టు మా అక్కది. ఆమె తిరుచానూరులో పూలు కట్టే ఇంట్లో మెట్టింది. పెళ్ళయిన నాటి నుంచి మాలలు కడుతూనే ఉంది. బావగారు పోయిన తరువాత నా దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక పీట, పాత డబ్బాలో జానెడు పారిజాతం మొలక తెచ్చింది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు ఆమెకు ఎనభై ఒకటి, నాకు డెబ్భై ఆరు.

తక్కిన పూలను చెట్టు నుంచి కోసుకోవాలి. నేల పడితే పూజకు పనికిరావు. పారిజాతాన్ని ఒక్కదాన్నే నేలమీంచి ఏరి దేవుడికి పెడతాము. కాకపోతే అది రాలే చోట కాలు పెట్టకూడదు. అక్క ఆ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, పూలు రాలే కాలంలో మా పనిమనిషి బట్టలు ఆరేయడానికి గోడ వెంబడి పక్కవాటంగా నడిచిపోయేది.

ఆషాఢంలో ఒక గురువారం, వాన వెలిసిన తెల్లవారుజామున, చెట్టు దగ్గర నాచు పట్టిన మట్టిలో అక్క జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. నలభై రెండు రోజులు కట్టు. కట్టు విప్పాక వేళ్ళు బాగానే కదిలాయి. కాళ్ళకు ఏమీ కాలేదు. అయినా ఆమె వెనక గడప దాటలేదు. పొద్దున్నే పీట తెచ్చుకుని గడప లోపల కూర్చునేది. పెరట్లోకి చూసేది. కాఫీ వేళకు లేచి లోపలికి వచ్చేసేది. పూలు నేను ఏరి తెస్తే ముట్టుకుని పక్కన పెట్టేది. మాల కట్టడం మానేసింది.

ఒకరోజు బుట్ట చేతికిస్తే అడిగింది, "లెక్కపెట్టినావా?"

"రెండు వందల పన్నెండు" అన్నాను.

"అదే అనుకుంటి. లెక్కపెట్టినావే గాని చూసినావా? సగానికి కాడలు విరిగినాయి."

ఆ గడప దగ్గరే ఆమె ఆగిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఈ వయసులో మానేసిన నడక మళ్ళీ రాదు. కాబట్టి మట్టి అనేదే కాలికి తగలకుండా పెరట్లో కాంక్రీటు గచ్చు వేయించాలని నిర్ణయించాను. పొడవు పద్నాలుగు, వెడల్పు పద్నాలుగు, మొత్తం నూట తొంభై ఆరు చదరపు అడుగులు. నాలుగు అంగుళాల మందం. నీళ్ళు ఇంటివైపు రాకుండా అడుగుకు పావు అంగుళం చొప్పున మూడున్నర అంగుళాల వాలు. సిమెంటు పన్నెండు మూటలు. గచ్చు అంచుకు చెట్టు మొదలు ఒక అడుగు అవతల ఉంటుంది. అక్క గచ్చు మీద నడిచి వెళ్ళి చెట్టునే ముట్టుకోవచ్చు. ఇదంతా రూళ్ళ పుస్తకంలో గీసి, కొలతలు వేసి పెట్టాను.

భాద్రపద పౌర్ణమి నాడు మేస్త్రీని పిలిపించాను. మా ఇంటి పునాది తీసిన సాయిబు ఆయనే. ఇప్పుడు ఆయనా పెద్దవాడైపోయాడు. టేపు కొనను నా చేతికిచ్చి ఒకటికి రెండుసార్లు కొలిచాడు. మర్నాటి నుంచి మహాలయ పక్షం. పెద్దలకు తర్పణాలు వదిలే ఆ పదిహేను రోజులూ కొత్త పని మొదలుపెట్టరు. అక్క గడప లోపలి నుంచే ఆ మాట గుర్తు చేసింది. మేస్త్రీకి అది కొత్త కాదు. ఈ పక్షంలో తనను ఎవరూ పిలవరని, ఏటా ఈ పదిహేను రోజులే తన నడుముకు సెలవని నవ్వాడు. వెళ్ళేముందు మాత్రం ఒక మాట చెప్పాడు.

"అమ్మా, ఊరికే ఉండేది ఎందుకు? నేల మీద గీసి పెట్టుకోండి. ఈ పదిహేను దినాలూ దాంట్లోనే మసలండి. తక్కువో ఎక్కువో మీకే తెలుస్తాది. కాంక్రీటు పడినాంక నన్ను తిట్టి లాభం లేదు."

ఆయన సున్నం పొడితో గీసుకోమన్నాడు. చెట్టు వేళ్ళకు సున్నం ఎందుకని నేను బియ్యప్పిండి తీసుకున్నాను. మా ఇంట్లో వాకిట ముగ్గు కూడా బియ్యప్పిండితోనే, చీమలు తింటాయని. పాడ్యమి తెల్లవారి టేపు పట్టి, దారం లాగి, గచ్చు అంచు ఎక్కడికి వస్తుందో అక్కడ ఈ గోడ నుంచి ఆ గోడకు గీత గీశాను.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలచుకుంటే నిజంగా గడిచాయా అనిపిస్తుంది. లేని గచ్చు మీద నేను కాపురం చేశాను. పొద్దున కుర్చీ తెచ్చుకుని గీతకు ఇవతల కూర్చుని కాఫీ తాగేదాన్ని. సాయంత్రం పుస్తకం తెచ్చుకునేదాన్ని. కాలి కింద మట్టే ఉన్నా, అరికాలికి చల్లగా, నున్నగా ఏదో తగులుతున్నట్టే ఉండేది. వడియాలు ఎక్కడ ఎండబెట్టాలో, వేసవిలో మడతమంచం ఏ మూల వాల్చాలో చూసిపెట్టుకున్నాను. ఎండాకాలం సాయంత్రాలు దీని మీద నీళ్ళు చల్లితే మట్టి వాసన రాదు కదా అని ఒకసారి తోచింది. ఆ ఆలోచనను అక్కడితో వదిలేశాను. బట్టలు ఆరేసి గోడ వెంబడి గీత దాటి ఇవతలికి వచ్చేటప్పుడు చెప్పులు విడిచేదాన్ని. అవతలా మట్టే, ఇవతలా మట్టే.

"లేని గచ్చుకు చెప్పులు ఇడిసేదాన్ని నిన్నే చూస్తాండా" అంది అక్క గడప లోపలి నుంచి.

"నువ్వు వచ్చి చూడు, ఎంత నున్నగా ఉందో."

"జారతాదేమో" అంది.

చీమలు, పిచ్చుకలు కలిసి సాయంత్రానికల్లా పిండిని సగం తినేసేవి. మిగిలింది పలచని మరక. అందుకని రోజూ తెల్లవారుతూనే గీతను మళ్ళీ గీసేదాన్ని. కొండ మెట్ల దీపాలు ఒకటొకటిగా వెలవెలబోయే వేళ అది. ఆ వేళకు కొండవైపు నుంచి చల్లగాలి కిందికి దిగుతుంది. చెట్టు మీద నిద్రపోతున్న పూలన్నీ ఆ గాలికే వదులుగా జారి, తిరుగుతూ తిరుగుతూ, ఇంటివైపు వచ్చి పడతాయి. చప్పుడుండదు. తెల్లని రెక్కలు కిందికి, కుంకుమపువ్వు రంగు కాడలు పైకి. వెలుతురు రాకముందే నేల తెల్లబడుతుంది. నిన్నటి గీత పిండి ఎక్కడో, నేటి పూలు ఎక్కడో పోల్చుకోలేక కాసేపు అలాగే నిలబడిపోయేదాన్ని. పూల మీద కాలు పెట్టకూడదు కనక వాటికి ఇవతల నిలబడి, వంగి, చేయి చాచి గీత గీసేదాన్ని. మళ్ళీ టేపు పట్టలేదు. ఒకసారి సరిగా కొలిచిందాన్ని మళ్ళీ కొలవనక్కర్లేదని బడిలో ఎంతమందికో చెప్పినదాన్ని.

చతుర్దశి నాడు అలాగే వంగి ఉన్నాను. వెనక ఏదో గోడకు రాసుకుంటున్న చప్పుడు. అడుగు పడుతోంది, ఆగుతోంది, మళ్ళీ పడుతోంది. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆమె వెనక్కి పోతుంది. పిండి గిన్నె పట్టుకుని, గీయడానికి ఏమీ లేకపోయినా గీస్తూ ఉన్నాను. చప్పుడు నా పక్కన ఆగింది. పీట నేల మీద పెట్టిన చప్పుడు. ఆమె కూర్చున్నప్పుడు వదిలిన పెద్ద ఊపిరి.

"పక్కకు జరగవే. నీ కొంగు పూల మీద పడతాండాది."

జరిగాను. ఆమె గీతకు ఇవతల కూర్చుని, అవతలి పూలను కుడిచేత్తో ఏరి ఎడమ అరచేతిలో వేసుకుంటోంది. కాడ పట్టుకోదు. రెక్కల కింద వేలు పెట్టి ఎత్తుతుంది. ఇన్నేళ్ళూ నేను చూడని సంగతి అది.

అమావాస్య నాడు గీత గీయలేదు. పెద్దలకు పెట్టే రోజు ముగ్గు వేయము కదా. పీట మాత్రం అక్క వదిలిన చోటే ఉంది. పాడ్యమి పొద్దున మేస్త్రీ వచ్చాడు. పిండి మరక, దాని పక్కన పీట చూసి అక్కడికి టేపు లాగాడు.

"తొమ్మిది" అన్నాడు.

పద్నాలుగు అన్నాను. ఆయన మళ్ళీ లాగాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాను. తొమ్మిదే. పుస్తకం తెరిచి లెక్క వేశాను. తేడా ఐదు అడుగులు, అంటే అరవై అంగుళాలు. టేపు లేకుండా గీసింది పదమూడు తెల్లవారుజాములు. పూలను తప్పిస్తూ, రోజుకు సుమారు నాలుగున్నర అంగుళాల చొప్పున నేనే గీతను ఇంటివైపు తెచ్చుకుంటూ వచ్చాను. తల కొట్టేసినట్టయింది. టేపు తీసుకుని పద్నాలుగు దగ్గర మేకు కొట్టమని మేస్త్రీతో చెప్పాను.

అక్క గడప లోపల నిలబడి ఉంది.

"నేను దినామూ చూస్తానే ఉండినా" అంది. "దినానికి బెత్తెడు ఇవతలికి వస్తాండె. చెబితే టేపు తెస్తావని చెప్పలా."

"ఐదు అడుగులక్కా. అంత తప్పు అలాగే పెట్టి కాంక్రీటు వేయిస్తానా?"

"పద్నాలుగు దాకా వేస్తే పూలు యాడ పడాల? గచ్చు మీదనే గదా. గచ్చు అంటే కాళ్ళు తిరిగే చోటు. ఆడ ఏరింది నేను దేవుడికి పెట్టను." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది, "ఈ తొమ్మిది అడుగులూ నేను నడిచినా. నువ్వు రాసుకున్న పద్నాలుగు ఎవరు నడిచినారు?"

మేస్త్రీ మేకు చేతిలో పట్టుకుని నా ముఖం చూశాడు. తరువాత నెమ్మదిగా, పెద్దమ్మ చెప్పినట్టే చేద్దామని, అంచుకు ఒక వరస ఇటుక కట్టి జానెడు ఎత్తు పెడతానని, అప్పుడు కాళ్ళు కిందికి జారవిడిచి హాయిగా కూర్చోవచ్చని చెప్పాడు. పుస్తకంలో పద్నాలుగు కొట్టేసి తొమ్మిది రాశాను. నూట ఇరవై ఆరు చదరపు అడుగులు. సిమెంటు ఎనిమిది మూటలు.

తదియ నాడు కాంక్రీటు పడింది. మట్టితో చిన్న చిన్న కట్టలు వేసి ఏడు రోజులు నీళ్ళు నిలిపారు. పొద్దున్నే తలుపు తీస్తే ఆ నీళ్ళలో కొండ తలకిందులుగా కదలకుండా ఉండేది. చెట్టు కింద మట్టి మీద పూలు ఎప్పటిలాగే రాలేవి. గాలి గట్టిగా వీచిన రోజు రెండో మూడో ఎగిరి వచ్చి కొండ మీద పడేవి. వాటిని ఏం చేయాలని అడిగాను.

"దేవుడికి కావు. నీ పుస్తకంలో పెట్టుకో" అంది అక్క. పెట్టాను. తొమ్మిది రాసిన పేజీలో ఇప్పుడు కాడల నారింజ మరక ఉంది.

దశమి పొద్దున కట్టలు తీసేసి, గచ్చు కడిగి, తుడిచాను. అక్క గడప మీద కాసేపు నిలబడింది. గోడ పట్టుకోలేదు. అంచు దగ్గర కూర్చుని, కాళ్ళు పూలకు తగలకుండా మట్టిలోకి వదిలి, చేయి చాచింది. నేను పక్కనే కూర్చున్నాను గాని ఆమె ఏరినవి లెక్కపెట్టలేదు. కాఫీ వేళ దాటిపోయింది. దారం తెమ్మంది. కట్టడం అయ్యాక మాలను మోచేతి నుంచి వేలికొన దాకా ఆనించి, ఎడమ చేత్తోనే, మూర వేసి చూసుకుంది.